పాత పికప్పు బండికి స్టీరియో అమర్చుట

మన సంఘసభ్యులలో పికప్పు బండ్లు గలవారి సంఖ్య ఏటేట పెరుగుచున్నది. వానిలో క్రొత్తవి కొన్నియే. పదియేండ్లు, పదునైదేండ్లు దాటిన బొలేరో పికప్పులు, టాటా 207లు, ఏస్ బండ్లు రెండు మూడు చేతులు మారి మన గ్రామములకు వచ్చి చేరినవి. తెల్లవారుజామున పాలక్యానులు, ప్రొద్దెక్కిన పిదప ఎరువుబస్తాలు, మామిడికాలమున కాయలు, పండుగనాడు చుట్టపక్కములు, ఇన్నింటిని మోయుచున్న ఆ బండియే నేడు ఎద్దులబండి స్థానమున నిలిచినది. ఇట్టి బండికి స్టీరియో పెట్టించుకొనదలచి మమ్ము సలహా అడుగువారు ఈ మధ్య అధికమైరి. వ్యవసాయ ప్రదర్శకులకు పాటలపెట్టెతో పని యేమని కొందరు నవ్వవచ్చును. పంట పండించుట ఎంతయో దానిని సకాలమున అంగడికి చేర్చుటయు అంతయే. బండిలోని ఒక్క తీగ తప్పుగా కలిపినందున కాయలు గేటువద్దనే మురిగిపోయిన ఉదాహరణములు మేము చూచియున్నాము. కావున ఈ మాసము ఈ విషయమును గూర్చియే వ్రాయుచున్నాము.

బండిలో రేడియో పెట్టుట నేటి వింత కాదు. అమెరికాదేశమున చికాగో నగరమందలి గాల్విన్ కంపెనీవారు 1930వ సంవత్సరమున మోటారుకారులో అమర్చదగిన రేడియోను మోటరోలా అను పేరున విక్రయింప మొదలిడిరి. ఆ కాలపు రేడియోలకు గాజుగొట్టములు, వేరుగా బ్యాటరీలు కావలసియుండెను. దానిని అమర్చుట ఒకనాటి పని కాదు. మనవైపు మదరాసు రేడియోకేంద్రము 1938 జూను 16వ తేదీన ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము తెరువబడువరకు తెలుగుమాట వినగోరిన నగరి, పుత్తూరు ప్రాంతములవారికి మదరాసే దిక్కు. రేడియో రైతునకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. మన పొరుగున తంజావూరు జిల్లాలో ఏ.డి.టి. 27 అను వరివంగడము 1960 దశకమున వ్యాపించినపుడు, దాని సంగతి తిరుచిరాపల్లి ఆకాశవాణి ద్వారా తెలిసికొన్న అచ్చటి రైతులు దానికి రేడియో వరి అని పేరు పెట్టిరి. విత్తనపు అసలు పేరు మరచినను, చెప్పిన పెట్టె పేరు వారు మరువలేదు.

ఇప్పుడు అందరి జేబులయందును సెల్‌ఫోను ఉన్నది కదా, వేరొక పెట్టె యేల యని అడుగుదురు. బండి నడుపుచు ఫోనును చేతబట్టుట 2019వ సంవత్సరపు సవరణచట్టము ననుసరించి నేరము. మొదటిసారి పట్టుబడినను వేయి మొదలు ఐదువేల రూపాయలవరకు అపరాధము పడును. చట్టము మాట యటుండనిండు, ఒకచేత ఫోనును, ఒకచేత చక్రమును పట్టి నిండులోడుతో ఇరుకు వంతెన దాటువాడు తన ప్రాణముతోపాటు ఎదుటివాని ప్రాణమును గూడ పణముగా పెట్టుచున్నాడు. డాష్‌బోర్డులో అమర్చిన స్టీరియో ఒక మీట త్రిప్పినంతనే పలుకును. వాతావరణసూచన, ధరవరలు వినుటకు కన్ను రోడ్డునుండి మరల్చవలసిన పని యుండదు.

ఇక అసలు కష్టము చెప్పెదము. 2025వ సంవత్సరము జూను, జూలై మాసములలో తోతాపురి మామిడి విపరీతముగా కాసి, ధర పడిపోయి, మన చిత్తూరు జిల్లా రైతులు పడిన బాధ ఎవరును మరువలేదు. కిలోకు గుజ్జు కర్మాగారములవారు 8 రూపాయలు ఇచ్చునట్లును, ప్రభుత్వము 4 రూపాయలు కలుపునట్లును నిర్ణయము జరిగినది. అయినను కర్మాగారముల గేట్లయొద్ద ట్రాక్టర్లు, పికప్పులు బారులుతీరి రేయింబవళ్లు నిలిచిపోయినవి. అట్టి ఒక వరుసలో మన సభ్యుడొకరి బండి నిలిచియుండెను. చీకటిపడగనే ఆయన కుమారుడు దీపములు వేసి, స్టీరియో పెట్టి, సీటుపై ఒరిగి నిద్రపోయెను. తెల్లవారుజామున వరుస కదలినది. తాళము త్రిప్పగా టిక్కుమని ఒక చప్పుడు వచ్చినదే గాని సెల్ఫు తిరుగలేదు. టన్నున్నర కాయలున్న బండిని ఇద్దరు త్రోసిన కదలునా? వెనుకనున్న బండ్లు ఒక్కొక్కటిగా ముందునకు పోయినవి. వేరొక బ్యాటరీ తెచ్చి బండిని నడిపించునప్పటికి వరుస పోయినది, ఒక పగలు పోయినది, అడుగున ఉన్న కాయలు మెత్తబడి నీరుకారినవి. కిలోకు పండ్రెండు రూపాయలు వచ్చుటయే భాగ్యమనుకొను సంవత్సరమున ఆ నష్టము చిన్నది కాదు.

ఆ బండిని మేము తరువాత చూచితిమి. స్టీరియో మంచిదే, బ్యాటరీ మూడేండ్లది. తప్పు ఎచ్చట జరిగినదనగా, స్టీరియోకు వచ్చు ఎఱ్ఱ తీగను, పసుపుపచ్చ తీగను అమర్చినవారు రెండింటిని కలిపి మెలిపెట్టి, నేరుగా బ్యాటరీకి తగిలించిరి. పని త్వరగా ముగియుటకై కొందరు ఇట్లు చేయుదురు. ఆ రెండు తీగల భేదము తెలిసికొన్నచో ఈ వ్యాసములో సగము తెలిసికొన్నట్లే.

పసుపుపచ్చ తీగ బ్యాటరీనుండి ఎల్లవేళల కరెంటు తెచ్చునది. దీనివలననే స్టీరియో గడియారమును, ఎన్నుకొన్న స్టేషనులను జ్ఞాపకముంచుకొనును. జ్ఞాపకమునకు కావలసిన కరెంటు అతి స్వల్పము, ఆంపియరులో వందవ వంతునకంటె తక్కువ. ఎఱ్ఱ తీగ తాళము ఒక మెట్టు త్రిప్పినపుడు మాత్రమే కరెంటు వచ్చుచోట కలుపవలసినది. తాళము తీసినంతనే అది చల్లబడి, పెట్టె నిద్రించును. రెండును కలిసిపోయినచో తాళముతో సంబంధము తెగి, డ్రైవరు మరచినను మరువకున్నను పెట్టె మేలుకొనియే యుండును. రెంటిని తారుమారు చేసినచో అది మరియొక అవస్థ: తాళము తీసిన ప్రతిసారియు స్టేషనులన్నియు మరచిపోవును, మాటిమాటికి వెదకుకొనవలెను. అమర్చిన మరునాడు గడియారము సున్నకు వచ్చినదని చెప్పువారి బండ్లలో జరిగినది ఇదియే.

ఇప్పుడొక చిన్న లెక్క. మధ్యరకపు ధ్వనితో మ్రోగు స్టీరియో సుమారు 2 ఆంపియర్లు, బిగ్గరగా మ్రోగించినచో 3, 4 ఆంపియర్లు తీసికొనును. నాలుగు పార్కింగు దీపములు, నంబరుపలక దీపము, డాష్‌బోర్డు దీపములు కలిసి మరి 2 ఆంపియర్లు. మొత్తము 5 ఆంపియర్లని అనుకొందము. సాయంకాలము 7 గంటలనుండి ఉదయము 5 గంటలవరకు 10 గంటలు. అనగా 50 ఆంపియరు గంటలు వ్యయమైనవి. క్రొత్త బ్యాటరీ 75 ఆంపియరు గంటలదే యైనను, మూడేండ్లు ఎండలో మ్రగ్గినదానిలో నిజముగా మిగిలిన శక్తి 50కి మించకపోవచ్చును. ఇక సెల్ఫు త్రిప్పుటకు వందకు పైబడిన ఆంపియర్లు ఎచ్చటనుండి వచ్చును? సీసపు బ్యాటరీని సగమునకు దిగువ వాడుట దాని ఆయువునకే కీడు. బావిలో నీరు అడుగంటినవరకు తోడి, మరునాడు మోటారు గాలి పీల్చుచున్నదని వాపోవుటవంటిదే ఇది.

కావున వరుసలో నిలువవలసి వచ్చినవారు దీపములార్పి, స్టీరియో ధ్వని తగ్గించి, రెండు గంటలకొకసారి ఇంజను ఇరువది నిమిషములు నడుపవలెను. కొంచెము డీసెలు ఖర్చగును. అదియు వలదనుకొన్నవారికి చేతిలో పట్టుకొను చిన్న ట్రాన్సిస్టరు రేడియో ఉన్నది. రాత్రి కాలక్షేపమునకు దానికి మించినది లేదు.

పెట్టెను ఎన్నుకొనుట. దుకాణమునకు పోవుటకు ముందు డాష్‌బోర్డులోని ఖాళీని కొలవవలెను. జర్మనీ దేశపు కొలతను అనుసరించి ప్రపంచమంతట చెల్లుచున్న సాధారణ పరిమాణము 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దీనిని దుకాణములలో సింగిల్ డిన్ అందురు. ఎత్తు 100 మిల్లీమీటర్లయినచో డబుల్ డిన్. పాత పికప్పులలో సాధారణముగా మొదటిదే పట్టును. తెరగల పెద్ద పెట్టెను పెట్టవలెనని డాష్‌బోర్డును రంపముతో కోసినవారిని చూచితిమి. కోసినది మరల అతుకదు, పెట్టెయు నిలువదు, గతుకులలో ఊడి కాళ్లపై పడును. వెనుక తీగలకును, ఏరియల్ బిళ్లకును చోటుండునట్లు లోతు కూడ చూచుకొనవలెను.

రెండవది వోల్టు. పికప్పు బండ్లు చాలవరకు 12 వోల్టులవి. పెద్ద లారీలలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు వాడుదురు. లారీనుండి తీసిన పెట్టె చౌకగా వచ్చినదని కొనునపుడు, లేక లారీకి ఈ పెట్టె పెట్టునపుడు, పెట్టెపై వ్రాసిన అంకెను చదువనిదే కలుపకూడదు. 12 వోల్టుల పెట్టెకు 24 వోల్టులు తగిలినచో ఒక్క క్షణములో మాడిపోవును.

మూడవది వాట్లు. పెట్టె ముందర 50×4 అని బంగారపు అక్షరములతో వ్రాసియుండును. నాలుగు స్పీకర్లకు తలకు ఏబది వాట్లని దాని భావము. కాని పెట్టె వెనుక ఉన్న ఫ్యూజును చూడుడు. అది 10 ఆంపియర్లదైనచో, ఇంజను నడుచునప్పుడు వచ్చు 14 వోల్టులతో హెచ్చవేయగా 140 వాట్లు. లోపలికి నిలుకడగా పోవునది 140 అయినపుడు వెలుపలికి 200 ఎట్లు వచ్చును? పోయినదానిలో ఇంచుమించు సగము వేడిగా వ్యయమగును. మిగిలినది నాలుగు భాగములు చేయగా స్పీకరు ఒకటికి పదునేడు, పదునెనిమిది వాట్లు. ఐదు హార్సుపవరని అమ్మిన పంపు మూడు హార్సుపవరు నీరే తోడిన అనుభవము మనకు క్రొత్త కాదు. ఆ పదునేడు వాట్లే చిన్న క్యాబిను నిండిపోవుటకు చాలును. స్పీకర్లు 4 ఓములవి కొనవలెను. ఒక తీగకు రెండేసి స్పీకర్లు ప్రక్కప్రక్కన కలిపినచో ఓములు సగమై పెట్టె వేడెక్కి చెడును.

అమర్చువిధమును ఇప్పుడు చెప్పుదుము. స్క్రూడ్రైవరు, స్పానర్లు, తీగకత్తెర, ఇన్సులేషన్ టేపు, వేడికి ముడుచుకొను గొట్టము, అన్నిటికంటె ముఖ్యముగా ఒక మల్టీమీటరు కావలెను. తీగకు ఎఱ్ఱదీపము తగిలించి చూచుటకంటె మీటరు మేలు. మొదట తాళము తీసి, బ్యాటరీయొక్క మైనసు తీగను విప్పి ప్రక్కకు పెట్టవలెను. మైనసే ముందు విప్పుటకు కారణమున్నది. బండి యినుమంతయు మైనసుతో కలిసియున్నది. ప్లస్సు బోల్టు విప్పుచుండగా స్పానరు జారి బాడీకి తగిలినచో నిప్పులు రేగును. మైనసు ముందే తీసినచో ఆ ప్రమాదము లేదు. తిరిగి బిగించునపుడు మైనసును చివరకు బిగింపవలెను.

పాత బండిలో పాత తీగల రంగులను నమ్మరాదు. ముందటి యజమానులు ఏ రంగు దొరికిన ఆ రంగు తీగతో అతుకులు వేసియుందురు. అందుచేత మైనసును తాత్కాలికముగా తగిలించి, మీటరు నల్లముల్లును బాడీకి ఆనించి, ఎఱ్ఱముల్లుతో ఒక్కొక్క తీగను తాకి చూడవలెను. తాళము తీసినప్పుడును 12 వోల్టులు చూపునది నిత్యపు తీగ. తాళము త్రిప్పినప్పుడే చూపునది తాళపు తీగ. దీపములు వేసినప్పుడు మాత్రమే చూపునది దీపపు తీగ. కాగితముముక్కపై వ్రాసి తీగలకు అంటించి, మరల మైనసు విప్పి, అప్పుడు కలుపుట మొదలిడవలెను.

క్రొత్త పెట్టెతో వచ్చు తీగల రంగులు చాల కంపెనీలలో ఒకే తీరున ఉండును. పసుపుపచ్చ నిత్యపు తీగ, ఎఱ్ఱది తాళపు తీగ, నల్లది ఎర్తు. నారింజరంగుది దీపముల తీగ, నీలిది ఏరియల్ మోటారునకు. మన బండ్లలో ఆ మోటారు ఉండదు గనుక నీలితీగ కొనకు టేపు చుట్టి మడిచి పెట్టవలెను, విడిచి వ్రేలాడనీయరాదు. స్పీకర్లకు జంటలుగా తీగలుండును. తెలుపు ముందరి ఎడమ, బూడిదరంగు ముందరి కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. ప్రతి జంటలో నల్లచార గలది మైనసు. చౌకరకపు పెట్టెలలో ఈ క్రమము తప్పియుండవచ్చును. పెట్టెపై అంటించిన కాగితమును చదివియే పని చేయవలెను.

స్పీకరు మైనసు తీగను బాడీకి తగిలింపకూడదు. పూర్వపు క్యాసెట్టు పెట్టెలలో కొన్నింటికి ఇట్లు తగిలించుచుండిరి, ఒక్కొక్క స్పీకరుకు ఒక్క తీగయే లాగి రెండవదానికి బాడీని వాడుకొనుచుండిరి. పాత బండిలో అట్టి తీగలు మిగిలియున్నచో వానిని వాడక, ప్రతి స్పీకరుకు రెండు తీగలు క్రొత్తగా లాగవలెను. నేటి పెట్టెలలో స్పీకరు తీగలు రెండును బాడీతో సంబంధము లేక పనిచేయును. ఒకటి ఇనుమును తాకినచో పెట్టె మూగబోవును, కొన్నిటిలో శాశ్వతముగా చెడును.

నల్ల ఎర్తుతీగకు డాష్‌బోర్డు వెనుక కనబడిన ఏదో ఒక మేకు చాలునని తలంపవలదు. రంగును, త్రుప్పును గీకివేసి, మెరయు ఇనుముపై చక్కగా బిగింపవలెను. ఇంజను వేగము పెంచినకొలది స్పీకరులో ఈలవంటి శబ్దము వచ్చినచో నూటికి ఎక్కువపాలు తప్పు ఈ ఎర్తుదే. ఆల్టర్నేటరు, మన డ్రైవర్లు ఇప్పటికిని డైనమో అని పిలుచునది, పుట్టించు చిన్న అలలు చెడ్డ ఎర్తు ద్వారా పాటలో కలియును. ఎర్తు బాగుచేసినను ఈల పోకున్నచో అప్పుడు మాత్రమే ఫిల్టరు కొనవలెను.

ఇక నిప్పు సంగతి. దీనిని గూర్చి మేము కొంచెము కఠినముగా చెప్పక తప్పదు. బ్యాటరీనుండి నేరుగా తీగ లాగునపుడు, బ్యాటరీ ప్లస్సునకు జానెడు దూరములోపలనే ఫ్యూజు పెట్టి తీరవలెను. పెట్టె వెనుక ఫ్యూజు ఉన్నది కదా యందురు. ఆ ఫ్యూజు పెట్టెను కాచును, తీగను కాయదు. ఇంజనుగది నుండి క్యాబినులోనికి తీగ రేకురంధ్రము గుండ పోవును. ఆ రేకుఅంచు కత్తివంటిది. గతుకులలో బండి అదురుచుండ, ఆరునెలలకు తీగపై తొడుగు తెగి రాగి రేకును తాకును. అప్పుడు బ్యాటరీ శక్తి యంతయు ఆ తీగ గుండ ప్రవహించి, తీగ ఎఱ్ఱగా కాలును. ఫ్యూజు మొదటనే యున్నచో రెప్పపాటులో తెగిపోయి బండి దక్కును. లేనిచో ఏమగునో ఆలోచింపుడు: వెనుక చెఱకుఆకో, వరిగడ్డియో, వేరుసెనగ కట్టెయో ఉన్నది. క్యాబినులో ప్లాస్టిక్కు, సీటు స్పంజి ఉన్నవి. ఒక గడ్డిబండిలో పొగ వచ్చుట చూచి డ్రైవరు దిగి, బ్యాటరీ తీగను లాగివేసినందున గడ్డి అంటుకొనలేదు. అతనికి ఆ తెలివి లేకున్న బండియు, గడ్డియు, వానితో ప్రక్కనున్న వామియు పోయెడివి. ఆ బండిలో కరగిన తీగకు యజమాని టేపు చుట్టి మరల వాడదలచెను. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కలదు గాని, కరగిన తీగకు ఏ కట్టును పనికిరాదు. తీసివేసి క్రొత్తది వేయవలెను.

రేకురంధ్రములో రబ్బరు బుష్ తొడుగవలెను. 10 ఆంపియర్ల ఫ్యూజు గల పెట్టెకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ చాలును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో దానిబదులు పెద్ద ఫ్యూజునుగాని, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమునుగాని పెట్టుట చోరుడు వచ్చినపుడు అరచిన కుక్కను కట్టివేయుటయే. అతుకులు మెలిపెట్టి విడువక, వీలైనచో సోల్డరు చేసి గాని, క్రింపు గొట్టములతో నొక్కి గాని, పైన ముడుచుకొను గొట్టము వేయవలెను. మన ఎండలకు టేపు జిగురు కరగి ఊడిపోవును.

స్పీకర్లను తలుపులలో అమర్చువారు రెండు సంగతులు గమనింపవలెను. అద్దము పూర్తిగా దింపి, అది స్పీకరు అయస్కాంతమునకు తగులకుండునని చూచిన తరువాతనే రంధ్రము చేయవలెను. తలుపు లోపలికి వాననీరు దిగుట సహజము గనుక, స్పీకరు పైభాగమున ప్లాస్టిక్కు చూరువలె అంటించిన మంచిది. ఐప్పసి, కార్తీకమాసముల వానలలో కాగితపు స్పీకర్లు ఉబ్బి చినిగిన బండ్లు ఎన్నియో. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్సు మైనసులు తారుమారైనచో చెడునది ఏమియు లేదు గాని, మద్దెల మ్రోత పలుచబడి పాట డొల్లగా వినబడును. క్రొత్త స్పీకర్లు బాగుండలేదని తిరిగి ఇచ్చుటకు ముందు ఒకదాని తీగలు మార్చి చూడుడు.

ఏరియల్ మాట వచ్చినపుడు నగరి కొండలను తలంపక తప్పదు. సముద్రముపై ఓడలవారికి సైతము గుర్తుగా నిలిచిన నగరి ముక్కు మన రేడియోకు మాత్రము అడ్డుగోడ. ఎఫ్.ఎం. అలలు చూపువలె తిన్నగా పోవును, కొండను వంగి దాటలేవు. మీడియం వేవ్ అలలు నేలను అంటి ప్రాకి దూరము పోగలవు. అందుచేతనే పుత్తూరునుండి నగరికి వచ్చునపుడు తిరుపతి ఎఫ్.ఎం. ఒకచోట స్పష్టముగా ఉండి, మలుపు తిరుగగనే గరగరలాడును, తిరుత్తణివైపు సాగినకొలది అరవపు మాటలు దానిలో చొరబడును. ఇది పెట్టెతప్పు కాదు. అయినను ఏరియల్ కడ్డీ మొదట త్రుప్పుపట్టి బాడీతో సంబంధము తెగినచో కొండ లేనిచోటను గరగర తప్పదు. కడ్డీమొదలు గీకి శుభ్రపరచి, బిళ్లను పెట్టెలో గట్టిగా నొక్కవలెను. క్రొత్తది కొనునపుడు, పెట్టెలో మీడియం వేవ్, అనగా ఏ.ఎం., ఉన్నదా యని అడుగుడు. చౌకవానిలో దానిని వదలివేయుచున్నారు.

ధ్వనినిగూర్చి రెండు మాటలు. జాతరదినములలో బండి వెనుక తొట్టిలో పెద్ద స్పీకర్లు పెట్టి ఊరంతయు దద్దరిల్లజేయుట యువకులకు సరదా. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడుస్పీకర్లు నిషిద్ధము. ఆసుపత్రి, బడి, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్లు నిశ్శబ్దమండలము. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లకు మించరాదు. చెన్నై రహదారిపై వెనుకనుండి లారీ మ్రోగించు హారనుగాని, ఏకాంబరకుప్పము దరి రైలుకూతగాని వినబడనంత ధ్వని క్యాబినులో పెట్టువాడు చెవులుండియు చెవిటివాడే. అద్దము సగము దింపి, ప్రక్కవానితో మామూలు గొంతుతో మాటాడ వీలగునంత ధ్వనియే తగినదని మా కొలత.

అంతయు బిగించిన పిదప పరీక్ష చేయవలెను. తాళము తీసి, దీపములార్పి, తలుపులు మూసి, బ్యాటరీ మైనసుతీగను విప్పి, మీటరును 10 ఆంపియర్ల గురుతుపై పెట్టి, తీగకును మైనసు బోల్టునకును నడుమ తగిలింపవలెను. మీటరు 0.05 ఆంపియర్లకంటె తక్కువ చూపినచో మంచిది. ఒకటి రెండు ఆంపియర్లు చూపినచో పెట్టె నిద్రపోలేదు, ఎఱ్ఱతీగను మరల చూడవలెను. మీటరు ఇట్లు తగిలించియుండగా మరచి సెల్ఫు కొట్టరాదు, మీటరు కాలిపోవును. ఆ రాత్రి బండిని కదపక నిలిపి, మరునాటి ఉదయము తాళము త్రిప్పకముందే బ్యాటరీ వోల్టులు చూడుడు. 12.6 ఉన్నచో నిండుగానున్నది. 12.4 అయినచో నాల్గవ వంతు తరిగినది. 12.2 అయినచో సగమే మిగిలినది, దానిని చార్జి చేయక లోడు ఎత్తవలదు. ఇంజను నడుచునప్పుడు 13.8 నుండి 14.4 వరకు చూపవలెను. అంతకు తక్కువైనచో తప్పు స్టీరియోలో కాదు, ఆల్టర్నేటరులోనో దాని బెల్టులోనో ఉన్నది.

మల్టీమీటరు లేనివారు సంఘకార్యాలయమునందలి మీటరును ఒకదినమునకు తీసికొనిపోవచ్చును. పుస్తకములో సంతకము చేసి, లోపలి చిన్న బ్యాటరీని తీయక మరునాడు తిరిగి ఇయ్యవలెను.